త్రాగుడు మానాలనుకునేవారు ఎక్కడికి వెళ్ళాలి?



రుషికొండ నుండి ఒక సహోదరి మన రేడియో కార్యక్రమమునకు ఉత్తరము వ్రాసింది. పేరు చెప్పవద్దని కోరింది గనుక చెప్పడము లేదు. ఉత్తరములో చాలా భాగము ప్రార్థన విన్నపములే: కూతురి పెండ్లి, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, తీరని అప్పు. చివరి రెండు వరుసలు మాత్రము వేరుగా ఉన్నవి. తన భర్త త్రాగుడు మానాలనుకుంటున్నాడట. పిల్లల తలమీద చెయ్యి పెట్టి ఎన్నోసార్లు ఒట్టు వేశాడట. “మానినవాళ్ళు కలుసుకొని కూర్చునే చోటు ఒకటి ఉంటుందంటారు గదా అయ్యగారూ, అది మా వైపు ఎక్కడ ఉన్నది? ఎలా వెళ్ళాలి?” అని అడిగింది.

త్రాగుబోతు భర్త కొరకు ప్రార్థించండి అని వ్రాసేవారు చాలామంది. చిరునామా అడిగేవారు అరుదు. ఆ సహోదరి అడిగినది చిరునామా గనుక, ఈ రోజు వాక్యముతో పాటు దారి కూడా చెప్పాలని ఆశిస్తున్నాను.

మొదట సామెతల గ్రంథము 23వ అధ్యాయము తీయండి. 29వ వచనము నుండి చివరివరకు చదవండి. అక్కడ సొలొమోను త్రాగుబోతును ఎవరితో పోల్చాడో చూడండి. నడి సముద్రములో, ఓడ స్తంభము కొనమీద నిద్రపోయేవానితో పోల్చాడు. విశాఖపట్నము వారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. రేవులో పనిచేసినవారికి, మర పడవలమీద వేటకు వెళ్ళేవారికి, ఆ స్తంభము ఎంత ఊగుతుందో తెలుసు. అక్కడ నిద్రపోయేవాడు పడిపోతున్నానని ఎరుగడు. క్రిందనున్న వాళ్ళు మాత్రమే చూస్తారు, కేకలు వేస్తారు. ఆ అధ్యాయము చివరి వచనములో ఇంకొక సంగతి ఉన్నది. దెబ్బలు తిన్నా వానికి తెలియదు, మెలకువ రాగానే మళ్ళీ దానినే వెదుకుతాడు. అంటే ఏమిటి? ఉదయము లేచినవాడు మంచివాడే. ఏడ్చినది నిజమే. ఒట్టు వేసినది కూడా నిజమే. అయినా సాయంకాలమునకు కాళ్ళు అటే నడుస్తవి. దీనిని కేవలము మొండితనము అని కొట్టిపారేయకండి.

ఇక్కడ మనవాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటున్నది. “నేను లెంటు నలభై రోజులు ముట్టుకోను, నేనెలా త్రాగుబోతునవుతాను?” అంటారు. మన పొరుగువారు అయ్యప్ప మాల వేసి నలభై ఒక్క రోజులు మానుతారు, ఆ మాటే చెబుతారు. ప్రియులారా, మానడము వేరు, మానినవాడుగా ఉండిపోవడము వేరు. నలభై రోజులు ఆపగలిగినవాడు ఈస్టరు మధ్యాహ్నమే సీసా తెరిస్తే, ఆ నలభై రోజులు అతడు దేనికొరకు ఎదురు చూశాడు? లెంటును నేను తక్కువ చేయడము లేదు. నలభై ఒకటవ రోజున అతని ప్రక్కన ఎవరు కూర్చున్నారు అనేదే నా ప్రశ్న.

ప్రభుత్వమే దుకాణములు మూయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మన రాష్ట్రములో ఆ పని కూడ జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముమీదికి వెళ్ళారు. ఆ ఉద్యమము వలన 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది. 1997లో దానిని సడలించారు. ఆ తల్లుల ధైర్యము గొప్పది, దానిని మరువకూడదు. అయితే చట్టము వస్తుంది, పోతుంది. ఈ సాయంకాలము మీ ఇంటికి రావలసిన మనిషి సంగతి ఏమిటి?

1935లో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. బిల్ విల్సన్ అని న్యూయార్కులో షేర్ల వ్యాపారములో ఉండేవాడు. త్రాగి త్రాగి పాడైపోయి, ఆసుపత్రిపాలై, 1934 డిసెంబరులో మానాడు. అయిదు నెలలు గడిచినవి. వ్యాపారము పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ అను పట్టణమునకు వెళ్ళాడు. ఆ పని చెడిపోయింది. మే 11, శనివారము. తెలియని ఊరు, జేబులో డబ్బులు అంతంత మాత్రము, మేఫ్లవర్ అను హోటలు వరండాలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక ప్రక్క బారు, లోపల నుండి నవ్వులు వినబడుతున్నవి. మరొక ప్రక్క టెలిఫోను, దాని దగ్గర ఊరిలోని సంఘముల పేర్ల పట్టిక. అతడు టెలిఫోను వైపు నడిచాడు. వాల్టర్ టంక్స్ అను పాదిరిగారికి ఫోను చేసి, నాతో మాట్లాడడానికి నావంటి త్రాగుబోతు ఒకడు కావాలి అన్న సంగతి చెప్పుకున్నాడు.

ఆ పాదిరిగారి స్థానములో మీరుంటే ఏమి చేసేవారు? ఎవడో త్రాగి ఫోను చేశాడని పెట్టేసేవారేమో. ఆయన పెట్టేయలేదు, కొందరి పేర్లు ఇచ్చాడు. వరుసగా ఫోనులు చేయగా చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అను విశ్వాసురాలు దొరికింది. ఆమె ఎరిగిన ఒక శస్త్రవైద్యుడు ఉన్నాడు, డాక్టరు బాబ్ స్మిత్. ఆయన కొరకు ఆమె, ఆమె స్నేహితులు అప్పటికే ప్రార్థిస్తున్నారు. మరుసటి రోజు, తల్లుల దినమైన ఆదివారము సాయంకాలము, ఆ డాక్టరుగారు పదిహేను నిమిషములే ఉంటానని షరతు పెట్టి వచ్చాడు. రాత్రి పదకొండు దాటేవరకు లేవలేదు. అంతకుముందు ఎందరో ఆయనకు బుద్ధి చెప్పారు. బిల్ బుద్ధి చెప్పలేదు, తన సంగతి చెప్పుకున్నాడు. అంతే.

ఆ డాక్టరుగారు చివరిసారి త్రాగిన రోజు 1935 జూన్ 10. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ ఎనానిమస్, మనవాళ్ళు ఎ.ఎ. అని పిలిచే సహవాసము పుట్టినరోజుగా లెక్కిస్తారు. తొలి దినములలో తమకు అత్యవసరముగా తోచినవి కొండమీది ప్రసంగము, మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయము, యాకోబు పత్రిక అని ఆయన తరువాత సాక్ష్యమిచ్చాడు. యాకోబు 5వ అధ్యాయము 16వ వచనము చూడండి, ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొనడము, ఒకరికొరకు ఒకరు ప్రార్థించడము, స్వస్థత, ఈ మూడు ఒకే చోట ఉన్నవి. మన సంఘములలో రెండవదానికి కొదువ లేదు. మొదటిదానికే చోటు దొరకదు. ఆదివారము తెల్లచొక్కా వేసుకొని వచ్చినవాడు “నిన్న రాత్రి త్రాగాను” అని ఎవరితో చెప్పుకోగలడు? చెబితే సోమవారమునకు వీధి అంతా తెలిసిపోతుంది.

ఎ.ఎ. మీటింగులో అలా జరగకూడదని మొదటినుండి నియమము పెట్టుకున్నారు. పేరు బయటికి పోదు, అక్కడ విన్నది అక్కడే వదలాలి. అక్కడ ఏమి జరుగుతుందో తెలియక చాలామంది భయపడతారు గనుక చెబుతున్నాను. ఒక గది, కొన్ని కుర్చీలు, టీ. సుమారు గంట, గంటన్నర. ఒక్కొక్కరు తన పేరు చెప్పి, తాను ఎలా త్రాగాడో, ఎలా మానాడో, ఈ వారము ఎలా గడిచిందో చెబుతారు. మధ్యలో ఎవరూ వాదించరు, సలహాలు గుప్పించరు. క్రొత్తవాడు మాట్లాడనక్కరలేదు, ఊరక విని వెళ్ళవచ్చును. రుసుము లేదు, చివర ఇష్టమున్నవారు కొద్దిగా వేస్తారు. డాక్టరు చీటీ అడగరు, కులము అడగరు, మతము అడగరు. త్రాగుడు మానాలనే కోరిక ఉంటే చాలును. కొన్ని మీటింగులకు ఇంటివారు కూడ రావచ్చును, కొన్ని త్రాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. ముందుగా అడిగి తెలుసుకోండి.

ఇది పనిచేస్తుందా? 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనములను, పదివేలమందికి పైగా మనుష్యుల వివరములను కలిపి పరిశీలించింది. పూర్తిగా మాని ఉండే విషయములో, మనుష్యులను ఎ.ఎ. సహవాసములోనికి చేర్చే పద్ధతి ఇతర చికిత్సలకంటె మెరుగైన ఫలితమిచ్చిందని తేలింది. అందరికీ పనిచేస్తుందని కాదు. అయితే ఖర్చు లేనిది, నష్టము లేనిది, ఒకసారి వెళ్ళి చూడడానికి అడ్డమేమి?

అడ్డము ఉన్నది, నాకు తెలుసు. “అక్కడ యేసు నామము ఎత్తరట. తమ తమ అవగాహన చొప్పున దేవుడు అంటారట. విశ్వాసి అక్కడికి ఎలా వెళ్తాడు?” అని కొందరు సంఘపెద్దలు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే, దాటవేయను. ఎ.ఎ. సంఘము కాదు, సంఘమునకు బదులు కూడ కాదు. కాలు విరిగితే కె.జి.హెచ్.కు వెళ్తాము. కట్టు కట్టే డాక్టరు ఏ దేవునికి మ్రొక్కుతాడో అడిగి వెళ్తామా? నీ బిడ్డ ఆ గదిలో హిందువు ప్రక్కన, ముస్లిము ప్రక్కన కూర్చొని తన బలహీనత ఒప్పుకుంటే, ఆదివారము మన బల్ల దగ్గరకు నిజమైన హృదయముతో వస్తాడు. బారులో వారందరి ప్రక్కన కూర్చున్నప్పుడు ఎవరూ అభ్యంతరము చెప్పలేదు గదా.

మీటింగు కంటె ముందు ఒక హెచ్చరిక. దీనిని జాగ్రత్తగా చదవండి, ప్రాణములతో కూడిన విషయము. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగేవాడు ఒక్కసారిగా ఆపితే శరీరము ఎదురు తిరుగుతుంది. కొద్ది గంటలలోనే చేతులు వణకుతవి, చెమటలు పోస్తవి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజులలో ఫిట్సు రావచ్చును. రెండు మూడు రోజులకు కొందరు మతి తప్పి, లేనివి చూచి, లేని మాటలు వింటారు. దానిని చూచి దయ్యము పట్టిందని అనుకొని గదిలో పెట్టి ఉపవాస ప్రార్థన మొదలు పెట్టేవారున్నారు. అది దయ్యము కాదు, డెలీరియం ట్రెమెన్స్ అను వైద్య పరిస్థితి. చికిత్స లేకపోతే మనిషి చనిపోవచ్చును. అటువంటప్పుడు 108కి ఫోను చేయండి, దారిలో ప్రార్థించండి. మామూలుగా ఉదయమే చేతులు వణికేవాడు, గతములో మానినప్పుడు ఫిట్సు వచ్చినవాడు, ఇంటిలో మానడానికి ప్రయత్నించకూడదు. ముందు డాక్టరుకు చూపించాలి. సరియైన మందులతో, బి1 విటమినుతో, కొద్ది రోజులలో ఈ దశ దాటిస్తారు.

వేట మీద బ్రతికేవారికి ఒక మాట. తూర్పు తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధము. చేతిలో పని లేక ఆ రోజులలో త్రాగుడు పెరిగే ఇండ్లు ఉన్నవి. ఆసుపత్రికి వెళ్ళడానికి, వరుసగా మీటింగులకు తిరగడానికి అంతకంటె మంచి సమయము దొరకదు. మందు మానిన రెండవ రోజున నడి సముద్రములో ఫిట్సు వస్తే ఎవరు కాపాడతారు?

ఇప్పుడు ఆ సహోదరి అడిగిన చిరునామా. రుషికొండ నుండి బీచ్ రోడ్డు పట్టుకొని సాగర్‌నగర్, జోడుగుళ్ళపాలెం దాటి నగరములోనికి వస్తే, సుమారు పది కిలోమీటర్లలో చినవాల్తేరు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. ఆ పేరు విని వెనుకాడకండి. “పిచ్చాసుపత్రికా?” అని నవ్వే పొరుగువారే, మీ ఆయన రోడ్డుమీద పడి ఉన్నప్పుడు కూడ నవ్వారు. త్రాగుడుకు చికిత్స మానసిక వైద్యులే చేస్తారు. కె.జి.హెచ్.లో కూడ మానసిక వైద్య విభాగము ఉన్నది. రుషికొండలోనే గీతం వారి వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది, అది మీ ఇంటికి దగ్గర.

ఏ ఆసుపత్రికి వెళ్ళినా, మందుల చీటీతో తిరిగి రాకండి. “ఇక్కడికి దగ్గరలో ఎ.ఎ. మీటింగు ఏ రోజున, ఎక్కడ జరుగుతుంది?” అని డాక్టరును, నర్సును, అక్కడి కౌన్సెలరును అడగండి. మీటింగుల సంగతి సాధారణముగా వారికి తెలుసు. ఎ.ఎ.వారి భారతదేశ కార్యాలయము ముంబైలో ఉన్నది. వారి వెబ్‌సైటులో ఊరి పేరును బట్టి మీటింగులు వెదకవచ్చును, మీ అబ్బాయి సెల్‌ఫోనులో చూచి పెడతాడు. మీటింగుల చోటు, వేళ మారుతూ ఉంటవి. అందువలన ఈ పేజీలో చోటు అచ్చు వేయడము లేదు. పాత చిరునామా పట్టుకొని వెళ్ళి తాళము చూచి తిరిగి వచ్చినవాడు రెండవసారి వెళ్ళడు. బయలుదేరే రోజునే ఫోను చేసి, ఈ సాయంకాలము మీటింగు ఉన్నదా అని అడిగి వెళ్ళండి.

ఫోను చేయడానికి రెండు నంబర్లు వ్రాసుకోండి. 14446, ఇది వ్యసన విముక్తి కొరకు కేంద్ర ప్రభుత్వము నడిపే ఉచిత సహాయ నంబరు. 14416, ఇది టెలిమానస్, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రింబగళ్ళు పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చును. ఫోను ఎత్తగానే కథ అంతా చెప్పనక్కరలేదు. “మా ఆయనకు త్రాగుడు అలవాటు. మానాలనుకుంటున్నాడు. మేము రుషికొండలో ఉంటాము. ఎక్కడికి తీసుకొని వెళ్ళాలి?” ఈ నాలుగు మాటలు చాలును.

స్టీల్ ప్లాంటులో, రేవులో షిఫ్టు పనిచేసేవారికి సాయంకాలపు మీటింగు ప్రతివారము కుదరదు. గాజువాక వైపు ఉండేవాడు రుషికొండ వరకు రానవసరము లేదు, తనకు దగ్గరది అడగాలి. మరొక వైపు, తెలిసినవారు కనబడతారేమోనని భయపడేవాడు కావాలని దూరపు మీటింగుకు వెళ్ళవచ్చును. దానిలో తప్పు లేదు. మొదటిసారి ఒంటరిగా పంపకండి. బావమరిదో, సంఘములో నమ్మకమైన సహోదరుడో కూడ వెళ్ళి బయట కూర్చోవాలి, తిరిగి బస్సు ఎక్కించాలి. మీటింగు నుండి బస్టాపు వరకు ఎన్ని దుకాణములున్నవో మనకు తెలుసు.

సహోదరీ, నీ కొరకు కూడ ఒక మాట. 1951లో అమెరికాలో, ఆ బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొక స్త్రీతో కలిసి అల్-అనాన్ అను సహవాసము ప్రారంభించింది. అది త్రాగేవారి భార్యలకు, తల్లులకు, ఇంటివారికి. భర్త మానకపోయినా భార్య వెళ్ళవచ్చును. మీటింగు సంగతి అడిగినప్పుడు దీనిని గురించి కూడ అడుగు.

చేయకూడనివి రెండు ఉన్నవి. గోడల మీద, ఆటోల వెనుక “తెలియకుండానే మందు మాన్పిస్తాము” అని ప్రకటనలు చూస్తాము. ఆ పొడి కూరలో కలపకండి. మద్యముతో పడని మందు తెలియక మింగినవాడు త్రాగితే, రక్తపోటు పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. పైగా భార్య చేతి అన్నము మీద నమ్మకము పోతే ఇంటిలో ఇంకేమి మిగులుతుంది? రెండవది, నెలల తరబడి బంధించి, కొట్టి మాన్పించే కేంద్రములు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము రోగిని గొలుసులతో కట్టడము నిషిద్ధము, అటువంటి కేంద్రములకు రిజిస్ట్రేషను ఉండాలి. డబ్బు కట్టకముందే రిజిస్ట్రేషను చూపించమనండి. రోగిని చూడనివ్వము అంటే అక్కడినుండి తిరిగి వచ్చేయండి.

సంఘపెద్దలారా, 2019లో ప్రచురింపబడిన జాతీయ సర్వేలో, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు తేలింది. మిగిలిన 37 మందిలో కొందరు మన బల్లలమీదనే కూర్చొని ఉంటారు. బోర్డుమీద ఆరాధన వేళల క్రింద ఆ రెండు ఫోను నంబర్లు, దగ్గరలోని మీటింగు రోజు వ్రాయించండి. మన దేశములో అనేక ఎ.ఎ. మీటింగులు చర్చి ఆవరణలలోని గదులలోనే జరుగుతవి. మీ ఆదివారపు బడి గది వారములో ఆరు రోజులు తాళము వేసి ఉంటున్నదేమో చూడండి. వారు అడిగితే ఇవ్వండి, అద్దె నామమాత్రముగా తీసుకోండి, లోపలికి తొంగి చూడకండి.

మొదటి మీటింగుకు వెళ్ళి వచ్చి, మరుసటి వారమే మళ్ళీ త్రాగాడనుకోండి. డాక్టరు బాబ్ కూడ ఆ మొదటి సాయంకాలము తరువాత, వైద్యుల సభకని ఊరు వెళ్ళి మళ్ళీ త్రాగి వచ్చాడు. వాళ్ళు ఆయనను వదలివేయలేదు, ఇంటికి తీసుకొని వచ్చి దగ్గర కూర్చున్నారు. మీరు ఆ రాత్రి ఏమీ అనకండి, అతనికి వినబడదు. ఉదయము టీ ఇచ్చిన తరువాత, తరువాతి మీటింగు ఏ రోజున ఉన్నదో అది మాత్రము అడగండి.